తెర మీద అంకెలు కదులుతున్నాయంటే సెన్సార్ నిజం చెబుతున్నట్టేనా?

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీటి మధ్య చిక్కుకున్నవారికి డ్రోన్లు ఆహారపు పొట్లాలు మోసుకెళ్లాయి. మరుసటి నెలలో పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు కృష్ణానది మీది ఆకాశంలో బొమ్మలు గీశాయి. ఎగిరే యంత్రమైనా, చక్రాల మీద నడిచే యంత్రమైనా దానికి లోకం తెలిసేది సెన్సార్ల ద్వారానే. సెన్సార్ ఏం చెబుతోందో మనిషి తెలుసుకోవడానికి ఉన్న అతి సాదా మార్గం కమాండ్ లైన్: నల్లని తెర మీద ఒక వాక్యం కొడితే అంకెలు వరుసగా దిగుతాయి.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో రోబో కడుతున్న విద్యార్థులు తరచుగా చిక్కుపడేది ఇక్కడే. సెన్సార్ పేరు జాబితాలో కనబడుతుంది, అంకెలు మాత్రం రావు. ఇంకొకరికి అంకెలు ధారాళంగా వస్తాయి, రోబో వెళ్లి గోడను గుద్దుతుంది. మరొకరికి తన ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంటుంది, పక్కవారి ల్యాప్‌టాప్‌లో ఏమీ ఉండదు. మూడింటికీ సాధారణంగా ఒకే తీర్పు వినిపిస్తుంది: ‘సెన్సార్ పోయింది.’ చాలాసార్లు ఆ తీర్పు తప్పు.

తికమకకు తరం మారడం కూడా ఒక కారణం. రోబో ప్రోగ్రాములను కలిపి నడిపే ‘రాస్’ (రోబో ఆపరేటింగ్ సిస్టమ్) అనే సాఫ్ట్‌వేర్‌లో, ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి వాడిన మొదటి తరంలో ఆఖరి విడుదల ‘నోయెటిక్’కు 2025 మే నెలతో మద్దతు ముగిసింది. ఇప్పుడు పని రాస్ 2 మీదికి మారుతోంది. 2022లో వచ్చిన ‘హంబుల్’కు 2027 వరకు, 2024లో వచ్చిన ‘జాజీ’కి 2029 వరకు మద్దతు ఉంది. కమాండ్ల పేర్లు పెద్దగా మారలేదు. ‘రాస్‌టాపిక్ ఎకో’ అనేది ‘రాస్2 టాపిక్ ఎకో’ అయింది. పేరు వెనక జరిగే పని మాత్రం చాలా మారింది. పాత అలవాటుతో కొత్త కమాండ్ జవాబును చదివితే తప్పుడు అర్థం వస్తుంది.

(కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.)

సెన్సార్ నుంచి తెర దాకా ఉన్న మజిలీలు

రాస్ పూర్తి పేరులో ‘ఆపరేటింగ్ సిస్టమ్’ అని ఉన్నా అది ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. రోబోలోని వేర్వేరు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2007 నుంచి ఎదుగుతూ వచ్చిన ఏర్పాటు అది. ఒక్కో ప్రోగ్రామును నోడ్ అంటారు. నోడ్ తన సమాచారాన్ని ఒక పేరు కింద పంపుతుంది. ఆ పేరే టాపిక్. లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే లైడార్‌కు ‘/స్కాన్’, కదలికలను కొలిచే ఐఎంయూకు ‘/ఐఎంయూ’ లాంటి పేర్లు పెట్టడం ఆనవాయితీ. పంపేది పబ్లిషర్, అందుకునేది సబ్‌స్క్రైబర్, మధ్యలో నడిచేది మెసేజ్.

ఒక కొలత ప్రయాణాన్ని మొదటి నుంచి చూద్దాం. గోడకు తగిలిన లేజర్ కిరణం వెనక్కి వస్తుంది, లైడార్ దాన్ని కొలుస్తుంది. ఆ కొలత యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటర్‌లోకి బైట్లుగా చేరుతుంది. డ్రైవర్ నోడ్ ఆ బైట్లను మీటర్లు, రేడియన్లుగా మార్చి, సమయం ముద్ర వేసి మెసేజ్‌గా పంపుతుంది. డీడీఎస్ అనే రవాణా పొర దాన్ని నెట్‌వర్క్ మీద మోస్తుంది. చివరికి మనం కొట్టిన ‘ఎకో’ కమాండ్ దాన్ని అందుకుని అక్షరాలుగా అచ్చు వేస్తుంది.

ఇక్కడ గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. ‘ఎకో’ సెన్సార్‌లోకి తొంగిచూసే కిటికీలా అనిపిస్తుంది కానీ, నిజానికి అది కూడా మరో సబ్‌స్క్రైబరే. తనకు అందినదాన్నే అది చూపుతుంది. అంకెలు రాకపోతే తెలిసేది ‘ఈ సబ్‌స్క్రైబర్‌కు ఏమీ అందలేదు’ అని మాత్రమే. అంకెలు వస్తే తెలిసేది ‘ఎవరో ఈ పేరుతో మెసేజ్‌లు పంపుతున్నారు’ అని మాత్రమే. ప్రతి కమాండూ ఈ దారిలో ఏదో ఒక మజిలీ గురించే సాక్ష్యం చెబుతుంది. ఏ కమాండ్ ఏ మజిలీ సాక్షి అన్నది తెలిస్తే ఈ తికమకలో చాలా భాగం తేలిపోతుంది.

పేరు కనబడుతుంది, అంకెలు రావు: ఎందుకు?

‘రాస్2 టాపిక్ లిస్ట్’ కొడితే నెట్‌వర్క్‌లో వినబడుతున్న టాపిక్ పేర్లన్నీ వస్తాయి. అందులో ‘/స్కాన్’ ఉంటే లైడార్ పనిచేస్తున్నట్టే అని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పేరును ఒక సబ్‌స్క్రైబర్ అడిగినా చాలు, అది జాబితాలోకి ఎక్కుతుంది. లైడార్ తీగ ఊడదీసి, పటం గీసే నోడ్‌ను మాత్రం నడిపితే ‘/స్కాన్’ జాబితాలో ఉంటుంది, పంపేవారు మాత్రం ఎవరూ ఉండరు. ‘రాస్2 టాపిక్ ఇన్ఫో /స్కాన్’ ఈ తేడాను రెండే వరుసల్లో చెబుతుంది: పబ్లిషర్ల సంఖ్య 0, సబ్‌స్క్రైబర్ల సంఖ్య 1.

పబ్లిషర్ ఉండి కూడా మెసేజ్‌లు అందకపోవడం ఇంకో సంగతి. రాస్ మొదటి తరంలో లేని ఒక షరతుల పత్రం రెండో తరంలో వచ్చింది. దాన్ని క్యూఓఎస్ అంటారు. ప్రతి పబ్లిషరూ తాను ఎలా పంపగలడో, ప్రతి సబ్‌స్క్రైబరూ తనకు ఎలా కావాలో ముందే ప్రకటిస్తారు. రెండూ పొసగకపోతే బంధం కుదరదు. ఒక్క మెసేజ్ కూడా కదలదు.

ముఖ్యమైన షరతు నమ్మకానికి సంబంధించింది. ‘రిలయబుల్’ అంటే పోయిన మెసేజ్‌ను మళ్లీ పంపే ప్రయత్నం ఉంటుంది. ‘బెస్ట్ ఎఫర్ట్’ అంటే పంపేశాక వెనక్కి చూడడం ఉండదు. సెన్సార్లకు రెండోదాన్ని ఎంచుకోవడంలో న్యాయం ఉంది: ఎప్పటిదో పాత కొలత ఆలస్యంగా అందడం కన్నా అది పోయి కొత్తది రావడమే రోబోకు మేలు. అందుకే రాస్ 2లో సెన్సార్ల కోసం సిద్ధంగా ఉంచిన షరతుల పత్రం బెస్ట్ ఎఫర్ట్‌తో ఉంటుంది. కానీ విద్యార్థి తన ప్రోగ్రాములో ఏమీ ప్రత్యేకంగా చెప్పకుండా సబ్‌స్క్రైబర్ తయారుచేస్తే అది రిలయబుల్ కోరుతుంది. పంపేవాడు హామీ ఇవ్వనంటాడు, వినేవాడు హామీ లేనిదే వద్దంటాడు. దీనికి తలకిందుల జోడీకి మాత్రం అడ్డు లేదు: పంపేవాడు రిలయబుల్, వినేవాడు బెస్ట్ ఎఫర్ట్ అయితే మెసేజ్‌లు నడుస్తాయి.

హంబుల్, జాజీల్లో ‘ఎకో’ కమాండ్ పబ్లిషర్ షరతులను చూసి తనను తాను సర్దుకుంటుంది. వాడేవారికి ఇది మంచి వసతి. అయితే దీనివల్లే ‘ఎకోలో అంకెలు వస్తున్నాయి, నా ప్రోగ్రాములో రావడం లేదు’ అనే కొత్త చిక్కు పుట్టింది. ఎకో సర్దుకుంది, ప్రోగ్రాము సర్దుకోలేదు, అంతే తేడా. ‘రాస్2 టాపిక్ ఇన్ఫో /స్కాన్ --వెర్బోస్’ కొడితే ఇరుపక్షాల షరతులూ పక్కపక్కన కనబడతాయి. ఒకవైపు బెస్ట్ ఎఫర్ట్, మరోవైపు రిలయబుల్ అని ఉంటే లైడార్‌ను విప్పవలసిన పనిలేదు.

ఒకే హాలు, ఒకే వైఫై, రెండు జట్ల రోబోలు

పాత తరంలో ‘మాస్టర్’ అనే ఒక కేంద్రం ఉండేది. ఎవరు ఎక్కడున్నారో అదే చెప్పేది. రాస్ 2లో కేంద్రం లేదు. ఒకే నెట్‌వర్క్ మీద, ఒకే డొమైన్ సంఖ్యతో ఉన్న నోడ్లు ఒకదాన్నొకటి వాటంతటవే కనిపెడతాయి. ఏమీ మార్చకపోతే ఆ సంఖ్య 0.

విజయవాడలో ఒక కళాశాల పోటీ జరుగుతోందనుకుందాం. ఒకే హాలులో రెండు జట్లు, ఒకే వైఫై, రెండు రోబోల మీదా లైడార్, రెండింటి టాపిక్ పేరూ ‘/స్కాన్’. ఒక్కో లైడార్ సెకనుకు 10 సార్లు పంపుతుంది. ఇప్పుడు మొదటి జట్టు ‘రాస్2 టాపిక్ హెచ్‌జెడ్ /స్కాన్’ కొడితే 10కి బదులు 20 దగ్గర చూపుతుంది. ఎకోలో ఒక మెసేజ్ తమది, ఒకటి ఎదుటివారిది. రోబో కదలకుండా నిలబడి ఉన్నా దూరాలు గెంతుతున్నట్టు కనబడతాయి. లైడార్ చెడిపోయిందన్న అనుమానం సహజంగానే వస్తుంది. ‘ఇన్ఫో’ కొడితే పబ్లిషర్ల సంఖ్య 2 అని తేలుతుంది.

దీని ప్రమాదం తెర మీది అంకెలతో ఆగదు. చక్రాలకు ఆదేశాలు పంపే టాపిక్ పేరు కూడా ఒకటే అయితే ఒక జట్టు మీట నొక్కితే ఇంకో జట్టు రోబో కదులుతుంది. బరువైన రోబో దగ్గర ఎవరైనా వంగి పనిచేస్తున్నప్పుడు అలా జరగడం చిన్న విషయం కాదు. అందుకే జట్టుకొక డొమైన్ సంఖ్య ఇచ్చే ఏర్పాటు ఉంది; 0 నుంచి 101 వరకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఇబ్బంది లేకుండా వాడవచ్చు.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. కొన్ని వైఫైలు మల్టీకాస్ట్ అనే పద్ధతిని అడ్డుకుంటాయి. నోడ్లు సాధారణంగా ఒకదాన్నొకటి వెతుక్కునేది ఆ పద్ధతిలోనే. అప్పుడు రోబో మీద అంతా బాగున్నా ల్యాప్‌టాప్ జాబితా ఖాళీగా ఉంటుంది. ‘రాస్2 మల్టీకాస్ట్ రిసీవ్’ ఒక కంప్యూటర్‌లోనూ, ‘రాస్2 మల్టీకాస్ట్ సెండ్’ ఇంకో కంప్యూటర్‌లోనూ నడిపితే లోపం నెట్‌వర్క్‌దా కాదా తెలిసిపోతుంది. ఇందులో సెన్సార్‌తో పనే లేదు.

లైడార్ మెసేజ్‌ను అంకె అంకెగా చదివితే

అంకెలు వచ్చాయి. ఇక వాటి అర్థం. ‘ఎకో’కు ‘--వన్స్’ జోడిస్తే ఒకే మెసేజ్ వచ్చి ఆగుతుంది. పరుగెత్తే తెర కన్నా ఇది చదవడానికి ఎంతో నయం.

ఒక లైడార్ మెసేజ్‌లో యాంగిల్_మిన్ -3.14159, యాంగిల్_మాక్స్ 3.14159, యాంగిల్_ఇంక్రిమెంట్ 0.0174533 అని ఉందనుకుందాం. రాస్‌లో కోణాలు రేడియన్లలో, దూరాలు మీటర్లలో ఉండాలన్నది నియమం. 3.14159 రేడియన్లు అంటే 180 డిగ్రీలు, 0.0174533 అంటే 1 డిగ్రీ. కాబట్టి ఇది వెనక నుంచి మొదలై డిగ్రీకొక కొలత చొప్పున చుట్టూ తిరుగుతోంది. కోణం అపసవ్య దిశలో, అంటే ఎడమవైపుకు పెరుగుతుంది. ముందువైపు కోణం 0. అది ఎన్నో కొలత? 0 నుంచి యాంగిల్_మిన్ తీసివేసి ఇంక్రిమెంట్‌తో భాగిస్తే 3.14159 / 0.0174533 = 180. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి ‘రేంజెస్’ అనే దూరాల వరుసలో 180వ స్థానం నేరుగా ముందుది, 270వది ఎడమది, 90వది కుడిది.

రోబోకు సరిగ్గా 1 మీటరు ముందు అట్టపెట్టె పెట్టాం. 180వ స్థానంలో 1.0 దగ్గరి అంకె రావాలి. అక్కడ 3.4 ఉండి 90వ స్థానంలో 1.0 ఉంటే? కొలత సరైనదే. లైడార్‌ను 90 డిగ్రీలు తిప్పి బిగించారు, లేదా దాని దిశను ప్రోగ్రాముకు తప్పుగా చెప్పారు. అన్ని అంకెలూ నిజమే అయినా రోబో గోడను గుద్దే సందర్భం ఇదే.

ఈ పరీక్ష చేయబోయేవారికి ఎదురయ్యే ఒక అడ్డంకి చెప్పాలి. ఎకో కమాండ్ పొడవైన వరుసలను 128 అంశాల దగ్గర కత్తిరించి చుక్కలు పెడుతుంది. 180వ స్థానం అసలు తెర మీదికే రాదు! ‘--ఫుల్-లెంత్’ జోడించినప్పుడే మొత్తం వరుస వస్తుంది. చుక్కలను చూసి ‘లైడార్ సగమే పనిచేస్తోంది’ అనుకోవడానికి ఎంత ఆస్కారం ఉందో ఊహించవచ్చు.

వరుసలో అక్కడక్కడా ‘ఇన్ఫ్’ అని కనబడుతుంది. అది లోపం కాదు. ఆ దిశలో కొలవగల దూరంలోపల ఏమీ తగల్లేదని అర్థం. ‘నాన్’ అంటే ఆ కొలత చెల్లదు. కొన్ని డ్రైవర్లు ఏమీ తగలనప్పుడు 0.0 పంపుతాయి, గందరగోళానికి ఇదొక పెద్ద మూలం. 0.0ను దూరంగా తీసుకునే ప్రోగ్రాము రోబోకు ముక్కు మీదే గోడ ఉందనుకుని ఆగిపోతుంది. మెసేజ్‌లోనే ఉండే రేంజ్_మిన్ కన్నా తక్కువైన అంకెలను పక్కన పెట్టాలన్న నియమం ఇందుకే ఉంది. రేంజ్_మిన్ 0.15 అయితే 0.0 దానికదే చెల్లని అంకె.

చెల్లే అంకె కూడా లోకం గురించి తప్పు చెప్పవచ్చు. దుకాణం అద్దాల తలుపు గుండా లేజర్ దూసుకుపోతే లైడార్ లోపలి గోడ దూరాన్ని చూపుతుంది. మిరపకాయల బస్తాలు దించుతున్న చోట ధూళి లేచిందంటే, గుంటూరు మిర్చియార్డు లాంటి చోట అది రోజూ ఉండేదే, ఆ రేణువులకు తగిలి తిరిగొచ్చిన కాంతి దగ్గర్లో ఏదో వస్తువున్నట్టు చూపగలదు. కమాండ్ లైన్‌లో ఇవేవీ ఎర్రజెండా ఎత్తవు. ఇక్కడ సాక్ష్యం చెప్పగలిగేది టేపు పట్టుకుని కొలిచే మనిషే.

నిశ్చలంగా ఉన్న రోబోలో 9.8 ఎక్కడిది?

బల్ల మీద కదలకుండా ఉన్న రోబో ఐఎంయూ టాపిక్‌ను ఎకో చేస్తే జెడ్ అక్షం త్వరణం 9.8 దగ్గర చూపుతుంది. కదలని వస్తువుకు త్వరణమేమిటని కొత్తవారు కంగారుపడతారు. త్వరణమాపకం నిజానికి కొలిచేది బల్ల తనను పైకి నెడుతున్న బలాన్ని. అందుకే సమతలంగా ఉన్నప్పుడు పైకి చూసే జెడ్ అక్షంలో +9.8 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ రావడమే ఆరోగ్య లక్షణం.

ఈ ఒక్క అంకె చాలా చెబుతుంది. 1.0 దగ్గర వస్తే డ్రైవర్ ప్రమాణం మార్చకుండా ‘జీ’లలో (భూమ్యాకర్షణ త్వరణం 9.8ను 1గా లెక్కించే కొలమానంలో) పంపుతోంది. -9.8 వస్తే సెన్సార్‌ను తలకిందులుగా బిగించారు లేదా అక్షాల గుర్తు తప్పింది. 16384 దగ్గర వస్తే ముడి అంకె అలాగే వచ్చేసింది. విద్యార్థులు ఎక్కువగా వాడే ఎంపీయూ-6050లో, ±2 జీ అమరికలో, ఒక జీకి వచ్చే ముడి విలువ సరిగ్గా అదే.

రోబో ముందుభాగాన్ని 10 డిగ్రీలు ఎత్తితే ఎక్స్ అక్షంలో 1.70, జెడ్‌లో 9.66 రావాలి. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే మళ్లీ 9.81. కదలకుండా ఉన్నంతసేపు ఎటు వంచినా ఈ మొత్తం మారకూడదు. మారుతోందంటే ఏదో ఒక అక్షం క్రమాంకనం తప్పింది. కాగితం, క్యాలిక్యులేటర్ చాలు; ఇంతకన్నా చవకైన పరీక్ష నాకు తెలియదు.

అదే మెసేజ్‌లో, కొలత ఎంత అటూఇటూ కావచ్చో చెప్పడానికి, కోవేరియన్స్ అని తొమ్మిదేసి అంకెల వరుసలుంటాయి. అన్నీ సున్నాలైతే ‘తప్పే లేదు’ అని చదవడం సహజం. అసలు అర్థం ‘ఎంత తప్పు ఉండవచ్చో తెలియదు’ అని. మొదటి అంకె -1 అయితే ఆ రకం కొలత ఈ సెన్సార్ ఇవ్వదని అర్థం.

జీపీఎస్‌కు కూడా ఇలాంటి తేలికైన పరీక్ష ఉంది. విజయవాడ అక్షాంశం 16.5, రేఖాంశం 80.6 దగ్గర. రెండూ తారుమారైతే రోబో నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఉన్నట్టు చూపుతుంది. దశాంశం తర్వాత ఐదో స్థానం సుమారు 1 మీటరుకు సమానం కాబట్టి నిలబడిన చోటే ఐదో అంకె కదలడం మామూలే. మూడో అంకె కదిలితే అది 100 మీటర్లకు పైగా తేడా.

మే నెల ఎండలో పొట్టిదయ్యే 2 మీటర్లు

రెండు కళ్లలా కనబడే చవకైన అల్ట్రాసోనిక్ సెన్సార్ మన ప్రాంతపు ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనబడుతుంది. అది దూరాన్ని నేరుగా కొలవదు. శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వచ్చేదాకా పట్టిన సమయాన్ని కొలుస్తుంది. దాన్ని దూరంగా మార్చేది ప్రోగ్రాము. చాలా ప్రోగ్రాముల్లో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లని రాసి ఉంటుంది. అది 20 డిగ్రీల గాలికి సరిపోయే అంకె.

వేడి పెరిగితే శబ్దవేగం ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో 45 డిగ్రీలు ఉన్నాయనుకుంటే శబ్దవేగం దాదాపు 358.6 మీటర్లు. గోడ సరిగ్గా 2 మీటర్ల దూరంలో ఉంది. శబ్దం పోయి రావలసిన 4 మీటర్లకు పట్టేది 11.15 మిల్లీసెకన్లు. ప్రోగ్రాము దాన్ని 343తో గుణించి రెండుతో భాగిస్తే 1.91 మీటర్లు. దాదాపు 9 సెంటీమీటర్ల తేడా. ఎకోలో 1.91, 1.91, 1.91 అని ఎంతో నిలకడగా కనబడుతుంది. నిలకడ వేరు, నిజం వేరు అనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. పైగా అదే రోబోను ఏసీ గదిలో పరీక్షిస్తే తేడా దాదాపు మాయమవుతుంది. ‘ల్యాబ్‌లో బాగానే ఉంది’ అన్న మాట నిజమే అవుతుంది.

సగటు దాచిపెట్టే ఖాళీలు

‘హెచ్‌జెడ్’ కమాండ్ సెకనుకు ఎన్ని మెసేజ్‌లు వస్తున్నాయో చెబుతుంది. చాలామంది సగటు చూసి వదిలేస్తారు. పక్కనే కనిష్ఠ, గరిష్ఠ విరామాలు కూడా ఉంటాయి. సగటు 9.8, కనిష్ఠం 0.098 సెకన్లు, గరిష్ఠం 0.310 సెకన్లు అని వచ్చిందనుకుందాం. సగటు చూస్తే 10కి దగ్గరే, బెంగలేదనిపిస్తుంది. కానీ ఒకసారి 0.31 సెకన్లపాటు ఏ కొలతా రాలేదు. సెకనుకు అరమీటరు వేగంతో నడిచే రోబో ఆ వ్యవధిలో 15 సెంటీమీటర్లకు పైగా ఏమీ చూడకుండా పోయింది.

కెమెరా విషయంలో ఈ కమాండ్ జవాబును ఇంకా జాగ్రత్తగా చదవాలి. 640×480 రంగుల చిత్రం ఒక్కటి 9,21,600 బైట్లు. సెకనుకు 30 చిత్రాలంటే సుమారు 27.6 మెగాబైట్లు, అంటే 221 మెగాబిట్లు. రద్దీ ఉన్న హాస్టల్ వైఫై మీద దీన్ని ల్యాప్‌టాప్‌లో కొలిస్తే 6 లేదా 7 రావచ్చు. కెమెరా మందగించలేదు, దారి ఇరుకైంది. దూరం నుంచే ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా రోబోలోకే వెళ్లి అక్కడ అదే కమాండ్ నడిపితే అసలు వేగం తెలుస్తుంది. ఎంత బరువు నడుస్తోందో ‘రాస్2 టాపిక్ బీడబ్ల్యూ’ చెబుతుంది.

‘రాస్2 టాపిక్ డిలే’ మెసేజ్ మీది సమయం ముద్రకూ, అది అందిన సమయానికీ తేడా చూపుతుంది. రెండు కంప్యూటర్ల గడియారాలు కలిసి ఉంటేనే ఈ తేడాకు అర్థం. రాస్‌బెరీ పై 4లో, అంతకు ముందరి నమూనాల్లో విద్యుత్తు పోయినా నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుంటాయి. ఇంటర్నెట్ లేని పొలంలో దాన్ని ఆన్ చేస్తే డిలే గంటల్లో రావచ్చు, రుణ సంఖ్య కూడా రావచ్చు. పంపకముందే మెసేజ్ అందిందని తెర చెబుతుంటే తప్పు గడియారానిదే.

పై నుంచి చూడాలా, అడుగు నుంచి చూడాలా? అంకెలా, బొమ్మలా?

ఇక్కడ అనుభవజ్ఞుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. కొందరు అడుగు నుంచి మొదలుపెట్టాలంటారు: ముందు తీగ, ఆ తర్వాతే రాస్. ‘ఐ2సీడిటెక్ట్ -వై 1’ కొడితే ఎంపీయూ-6050 ఉన్నచోట 68 అని కనబడాలి. కనబడకపోతే పై అంతస్తుల్లో వెతకడం వృథా అన్నది వారి వాదన. యూఎస్‌బీ లైడార్ అయితే ‘టీటీవైయూఎస్‌బీ0’ లాంటి పేరు పుట్టిందా, దాన్ని తెరిచే అనుమతి వాడుకరికి ఉందా అని చూస్తారు. ఉబుంటులో ఆ అనుమతి ‘డయల్‌అవుట్’ అనే గుంపు సభ్యులకు ఉంటుంది. ఇంకో వర్గం పై నుంచి రావాలంటుంది: ఎకోలో సరైన అంకె వస్తే కింది మజిలీలన్నీ ఒక్క దెబ్బతో రుజువైనట్టే, విడివిడిగా తడమడం దేనికి?

రెంటిలోనూ బలం ఉంది. ఏమీ రానప్పుడు అడుగు నుంచి వెళ్లడం త్వరగా తేలుతుంది. ఏదో వస్తోంది కానీ తేడాగా ఉందన్నప్పుడు పై నుంచి దిగడం మేలు. ఒక్క ప్రమాదం మాత్రం అడుగు నుంచి వెళ్లేవారిదే: డ్రైవర్ నోడ్ నడుస్తుండగానే అదే సీరియల్ పోర్టును ఇంకో ప్రోగ్రాముతో తెరిస్తే బైట్లు రెండింటి మధ్యా చీలిపోతాయి. పరీక్షే లోపాన్ని పుట్టిస్తుంది.

బొమ్మల విషయం మరో చర్చ. సెన్సార్ అంకెలను బొమ్మలుగా, గీతలుగా చూపే ఆర్‌విజ్, ఫాక్స్‌గ్లోవ్, ప్లాట్‌జగ్లర్ లాంటివి ఉండగా ఈ అంకెల వరసలు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. 360 దూరాలను కళ్లతో చదివి గది ఆకారం ఊహించడం ఎవరి వల్లా కాదు. లైడార్ అద్దంలోలా తిరగబడిందా అన్నది బొమ్మలో క్షణంలో తెలుస్తుంది. సెన్సార్ విలువ నెమ్మదిగా జారుతోందా అన్నదీ గీతలోనే తెలుస్తుంది. అయితే బొమ్మ గీసే సాధనం కూడా సబ్‌స్క్రైబరే. దానికీ క్యూఓఎస్ ఉంది, దానికీ నెట్‌వర్క్ కావాలి. పైగా ఏ వస్తువు ఎటు తిరిగి ఉందో చెప్పే సమాచారం లేనిదే ఆర్‌విజ్‌లో సాధారణంగా ఏమీ కనబడదు. ఎస్‌ఎస్‌హెచ్ మీద, బలహీనమైన వైఫైలో, తెర లేని రోబో దగ్గర నిలబడి ఒక్క అంకెను అడగాలంటే కమాండ్ లైనే దిక్కు. నా మొగ్గు అంకెల వైపే మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ తప్పుకు చోటిచ్చే పొరలు తక్కువ. ఆకారం గురించిన ప్రశ్న రాగానే బొమ్మ వైపు మళ్లుతుంది.

మూడో వాదన కూడా వినాలి. కంటితో ఎకో చూడడం అసలు పరీక్షే కాదని, హద్దులు రాసిన ప్రోగ్రాము ఎల్లవేళలా కాపలా కాయాలని కొందరంటారు. రోజంతా నడిచే యంత్రానికి ఇది తిరుగులేని మాట. కాకపోతే ఆ హద్దులు ఎంతని రాయాలో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు కూర్చుని మామూలు అంకెలు ఎలా ఉంటాయో చూసి ఉండాలి.

పోయిన క్షణాన్ని మళ్లీ అడగడం

ఎకో చూపేది ఇప్పుడు జరుగుతున్నదాన్ని. లోపం మాత్రం గంటకోసారి, తెర వైపు ఎవరూ చూడనప్పుడు వస్తుంది. దీనికోసం ‘రాస్2 బ్యాగ్ రికార్డ్’ ఉంది. అది టాపిక్‌లను ఒక ఫైలులో దాస్తుంది. హంబుల్‌లో ఆ ఫైలు ఎస్‌క్యూలైట్ రూపంలో, ఆ తర్వాతి విడుదలల్లో ఎంక్యాప్ రూపంలో ఉంటుంది. ‘రాస్2 బ్యాగ్ ప్లే’ కొడితే అవే మెసేజ్‌లు అదే వరుసలో మళ్లీ పారుతాయి. ఎకో, హెచ్‌జెడ్, బొమ్మల సాధనాలు అన్నీ వాటి మీద పనిచేస్తాయి, సెన్సార్ దగ్గర లేకపోయినా. ఒక్క కమాండ్‌ను మాత్రం ఇక్కడ నమ్మకూడదు: ‘డిలే’ పాత సమయం ముద్రలను నేటి గడియారంతో పోల్చి అర్థంలేని అంకె ఇస్తుంది.

రికార్డు చేసేది కూడా సబ్‌స్క్రైబరే కాబట్టి దానికి అందనిది ఫైలులో ఉండదు. ల్యాప్‌టాప్‌లో వైఫై మీదుగా రికార్డు చేస్తే దారిలో పోయిన మెసేజ్‌లు ఫైలులోనూ ఖాళీలుగానే మిగులుతాయి. ఆ ఖాళీ సెన్సార్‌దా వైఫైదా అన్నది తర్వాత ఎవరూ చెప్పలేరు. రోబోలోని కంప్యూటర్‌లోనే రికార్డు చేసినప్పుడు ఈ సందేహానికి తావు ఉండదు. అయితే కెమెరా చిత్రాలను కుదించకుండా దాస్తే పై లెక్క ప్రకారం నిమిషానికి 1.6 గిగాబైట్లకు పైగా అవుతుంది. 32 గిగాబైట్ల మెమరీ కార్డు 20 నిమిషాలలోపే నిండిపోతుంది. లైడార్, ఐఎంయూ మాత్రమే దాస్తే అదే కార్డు మీద గంటల తరబడి రికార్డు చేసుకోవచ్చు.